ఫుల్ లోడు

ఆ రోజు పొద్దున్న కరెంటు బాబాయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి జనరేటరులో ఆయిల్ చూడాలి, తొమ్మిదింటికి దాని ఒళ్ళు తుడవాలి, పదింటికి ఇంటికెళ్ళి భార్య చేతి టీ తాగి కాసేపు నడుం వాల్చాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆయన రోజూ వేసుకునే పథకం ఇదే. ఒక్కరోజు కూడా అది తప్పలేదు. అలా తప్పకపోవడమే తన ప్రాణం మీదికి తెస్తుందని ఆయనకి ఆ పూట దాకా తెలియదు.

కొండ నడుం మీద, రాళ్ళ క్వారీ పక్కన నలభై రెండు ఇళ్ళు. కరెంటు స్తంభాలు పద్దెనిమిది కిలోమీటర్ల కింద, మెయిన్ రోడ్డు దగ్గరే ఆయాసపడి ఆగిపోయాయి. అందుచేత ఊరికి వెలుగంతా ఒక రేకుల షెడ్డులోంచి వస్తుంది. షెడ్డులో ఒక డీజిల్ జనరేటరు, దాని పక్కన ఒక స్టూలు, స్టూలు మీద కరెంటు బాబాయ్. ఆయన అసలు పేరు చెప్పాలంటే భార్య కూడా పెట్టె తీసి కాగితాలు చూడాల్సిందే.

బాబాయ్ మంచివాడే కాని కరెంటు దగ్గర పిసినారి. షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో స్వయంగా సూత్రాలు రాశాడు. మొదటిది, ‘అవసరం తీరిన వెంటనే ఆపివేయవలెను.’ రెండోది, ‘ఇల్లు కదిలే ముందు మెయిన్ దించవలెను.’ మూడోది రాసేలోపు రంగు అయిపోయింది. ఇంటికి రెండు బల్బులు, ఒక ఫ్యాను. అంతకు మించి ఎవరు ఏం పెట్టినా ఆయన ఊరుకోడు. పట్టుకోవడానికి ఇంటింటికీ తిరగనక్కర్లేదు కూడా. మెషీను గొంతు కాస్త బరువెక్కితే చాలు, స్టూలు మీద కూర్చునే ‘ఎవరో ఇస్త్రీ పెట్టె పెట్టారు’ అని చెప్పేస్తాడు. ఇంకాస్త మూలిగితే నీళ్ళు కాచే హీటరు. గొంతు విని ఫలానా ఇల్లని కూడా చెప్పగలడు.

ఒక్క దొంగ మాత్రం ఆయనకి దొరకలేదు. రోజూ పొద్దున్న పదింటికి ఓ పది నిమిషాల ముందు మెషీను చిన్నగా ఒక మూలుగు మూలుగుతుంది. నాలుగు నిమిషాలుండి తగ్గిపోతుంది. తొమ్మిదేళ్ళుగా ఆ దొంగ కోసం బాబాయ్ వెతకని సందు లేదు. వెతికి వెతికి ఇంటికెళితే వేడివేడి టీ సిద్ధంగా ఉండేది. ఆ కష్టాన్ని అలా మరిచిపోయేవాడు.

ఆ పొద్దున్న తొమ్మిదింటికి మెషీను ఒళ్ళు తుడుస్తుంటే షెడ్డులోని ఆఫీసు ఫోను మోగింది. చేసింది కరెంటాఫీసు ఇంజనీరమ్మ. మెషీను పొగగొట్టం నుంచి జిడ్డుగా నల్లటి ఆయిల్ కారుతోందని పోయిన నెల బాబాయే ఆఫీసుకి రాశాడు. ‘ముక్కు కారుతున్నది, వైద్యము చేయించగలరు’ అన్నది ఆయన రాసిన వాక్యం.

“ఆపరేటర్ గారూ, మీ మెషీనుకి జబ్బేం లేదండీ. పని లేదు, అంతే.”

“పని లేకపోవడమేంటి మేడమ్? పంతొమ్మిదేళ్ళుగా తిరుగుతూనే ఉందిగా.”

“తిరుగుతోంది కాని మొయ్యట్లేదు. అరవై కిలోవాట్లు మోసే మెషీను మీద మీరు పదకొండు పెట్టారు. డీజిలు సగం సగం కాలి, మసై గొట్టాలనిండా పేరుకుపోయింది.”

“అది పొదుపండీ,” అన్నాడు బాబాయ్ కాస్త గర్వంగా.

“ఆ పొదుపే దాన్ని చంపుతోంది. దాని మీద నలభై పెట్టి రెండు గంటలు నడపండి, మసంతా కాలిపోతుంది. నేను మూడింటికి వస్తాను. అప్పటికి పొగ తేటగా ఉండి నలభై మోస్తూ కనిపిస్తే మెషీను మీ దగ్గరే ఉంటుంది. లేకపోతే నా వెంట లారీ వస్తోంది. దీన్ని ఎత్తుకెళ్ళి పన్నెండు కిలోవాట్లది దింపేస్తాం. కొత్తదండీ, దానంతటదే స్టార్టవుతుంది, దానంతటదే ఆగుతుంది.”

“మరి దానికి ఆపరేటరు?”

ఫోనులో కాసేపు గరగరమంది. “అక్కర్లేదండీ,” అంది ఇంజనీరమ్మ.

బాబాయ్ గుడ్డ చేత్తో పట్టుకునే ఇంటికి పరిగెత్తాడు. సంగతంతా విని భార్య గరిట కింద పెట్టింది.

“మెషీను పోతే నేనూ పోయినట్టేనే,” అన్నాడు.

“మీరెక్కడికి పోతారు? పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటారు. నా భయమూ అదే,” అంది ఆవిడ. నవ్వించడానికే అంది కాని, ఆవిడ గొంతులోనూ దిగులుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి మెషీను గొంతు వినడం తప్ప వేరే విద్య రాదని ఆవిడకి తెలుసు. “ఇంతోటి దానికి అంత బెంగెందుకు? వెళ్ళి నలుగురికీ చెప్పండి. కరెంటు వద్దంటే బాధ గాని, వాడుకోమంటే ఎవరు కాదంటారు?”

అదీ నిజమేననిపించింది. బాబాయ్ మొదట దర్జీ అక్క ఇంటికెళ్ళాడు. ఆవిడ దగ్గర కరెంటు ఇస్త్రీ పెట్టె ఉందని మెషీను ప్రతి మంగళవారం ఆయనకి చెబుతూనే ఉంది. గుమ్మంలో ఆయన నీడ పడగానే ఆవిడ కాలితో దేన్నో బల్ల కిందికి తోసేసింది.

“అక్కా, ఇస్త్రీ పెట్టె పెట్టుకో.”

“నా దగ్గర ఇస్త్రీ పెట్టె ఎక్కడుంది తమ్ముడూ? ఆరేళ్ళ కిందట నువ్వేగా పట్టుకుపోయావు.”

“అది పాతది. కొత్తది సంగతి నాకు తెలుసులే. ఏమీ అనను, పెట్టుకో.”

“పెట్టుకోనా?”

“పొద్దుగూకేదాకా పెట్టుకో. ఆర్పకు.”

దర్జీ అక్క ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. పంతొమ్మిదేళ్ళలో ఈ మనిషి నోట ‘ఆర్పకు’ అన్న మాట ఆవిడ వినలేదు. “నాకు జ్వరంగా ఉంది తమ్ముడూ,” అని తలుపేసుకుంది.

పక్కిల్లు మాస్టారిది. ఆయన బడి నుంచి రిటైరయ్యాడు కాని పాఠం చెప్పడం నుంచి కాలేదు. ఊళ్ళో ఎవరికి ఏ కాగితం వచ్చినా, ఏ మాట వినిపించినా దానికి అర్థం మాస్టారే చెప్పాలి.

“మాస్టారూ, మూడింటికి ఆఫీసు నుంచి మనిషి వస్తోంది. మీ నీళ్ళ హీటరు కాస్త పెడతారా?”

“ఏ హీటరయ్యా?”

“మంచం కింద దాచినది.”

“నా మంచం కింద పుస్తకాలు తప్ప ఏమీ లేవు,” అన్నాడు మాస్టారు. బాబాయ్ మలుపు తిరగగానే ఆయన గోడ మీదుగా దర్జీ అక్కని పిలిచి అర్థం చెప్పేశాడు. “ఇది మనకేసిన ఎరమ్మా. మూడింటికి పైనుంచి ఎవరో వస్తున్నారట. ఎవరెవరి దగ్గర ఏముందో ఈయన ఇప్పుడే కూపీ లాగుతున్నాడు. ఇవాళ పొరపాటున కూడా ఎవరూ స్విచ్చి మీద చెయ్యి వెయ్యకండి.”

ఆ మాట బాబాయ్ కంటే వేగంగా నడిచింది. ఆయన ఏ గుమ్మం ఎక్కినా లోపల ఫ్యాను రెక్కలు చివరి చుట్టు తిరుగుతూ కనిపించాయి. మండిపోయే వేళ జనం విసనకర్రలతో కూర్చుని, “మాకేమీ వద్దు బాబాయ్, చల్లగానే ఉంది,” అన్నారు. నుదుటి మీద చెమట కారుతుంటే అన్నారు. వాళ్ళకి ఇంత క్రమశిక్షణ నేర్పింది తానేనని గుర్తొచ్చి ఆయనకి ఏడుపొచ్చింది. షెడ్డుకి తిరిగొస్తుంటే మెషీను గొంతు దూరం నుంచే తేలికగా వినపడింది. మీటరు చూశాడు. పదకొండు కాస్తా నాలుగైంది. పొగగొట్టం నుంచి జిడ్డు ధారగా కారుతోంది.

ఇక మిగిలింది బావమరిది. ఊళ్ళో ఒకే ఒక కొట్టు అతనిది. సైకిలు హ్యాండిలుకి కట్టిన బ్యాటరీ మైకు కూడా అతనిదే. బాబాయ్ చిత్తుకాగితం మీద విషయమంతా వివరంగా రాసిచ్చాడు. ‘ఈ రోజు మూడు గంటలకు లారీ వస్తుంది. మన మెషీనును తీసుకుపోతుంది. అలా జరగకుండా ఉండాలంటే ప్రతి ఇంటి నుంచీ ఫుల్ లోడు కావాలి. ఉన్న సామాను ఒక్కటి కూడా మిగల్చకుండా అన్నీ ప్లగ్గు పెట్టండి.’

“ఒక్క అక్షరం పోకుండా చదువు,” అన్నాడు.

“పోనిస్తానా బావా,” అని బావమరిది సైకిలెక్కాడు.

అక్షరాలు అతను పోనివ్వలేదు, బ్యాటరీ కోసం పోయాయి. మైకు బొత్తాం నొక్కి ఉంచితేనే పలుకుతుంది. బావ దగ్గర తర్ఫీదైన మనిషి కాబట్టి, ముఖ్యమైన చోట నొక్కి మిగతా చోట్ల వదిలేయడం అతనికి అలవాటు. ఏది ముఖ్యమో అతనే నిర్ణయిస్తాడు. వీధిలో వినపడింది ఇది: “మూడు గంటలకు లారీ వస్తుంది... ప్రతి ఇంటి నుంచీ ఫుల్ లోడు... ఉన్న సామాను ఒక్కటి కూడా మిగల్చకుండా...”

క్వారీ జనానికి లోడు అంటే ఒకటే అర్థం. లారీకెత్తేది. తాతల నాటి నుంచి వాళ్ళు రాళ్ళు లోడు చేశారు, కంకర లోడు చేశారు, లోడు లెక్కన నడుములు విరగ్గొట్టుకున్నారు. తీగలో కూడా లోడు ఉంటుందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. పైగా ఊరిని ఖాళీ చేయించి కింద రోడ్డు పక్కకి మారుస్తారన్న పుకారు రెండేళ్ళుగా ఉండనే ఉంది. అయినా ఒకసారి కనుక్కుందామని అందరూ మాస్టారు దగ్గరికెళ్ళారు.

“అర్థమైంది కదా,” అన్నాడు మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ. “పొద్దున ఇంటింటికీ తిరిగి ఎవరి దగ్గర ఏం సామానుందని అడిగింది ఇందుకే. లారీలో చోటు లెక్క చూసుకోవద్దూ? పాపం, ఊరు ఖాళీ అవుతోందని మనకి నోరు తెరిచి చెప్పలేకపోయాడు.”

షెడ్డులో బాబాయ్ స్టూలు మీద కూర్చుని మెషీను గొంతు బరువెక్కడం కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాడు. గొంతు బరువెక్కలేదు. ఒక్కో ఇల్లూ రాలిపోతుంటే నాలుగు మూడైంది, మూడు రెండైంది. ఇల్లు కదిలే ముందు మెయిన్ దించవలెనన్న రెండో సూత్రాన్ని ఊరు ఊరంతా తూచా తప్పకుండా పాటిస్తోంది. పన్నెండు కొట్టేసరికి ముల్లు సున్నా మీద వాలింది. పంతొమ్మిదేళ్ళలో ఆ ముల్లు అక్కడికి రాలేదు. బాబాయ్ తన చెవులే పోయాయేమోనని చేత్తో ఇంజను తడిమాడు. అది ఉత్తినే గిరగిరా తిరుగుతోంది.

బయట అలికిడైతే తలుపు తీశాడు. షెడ్డు ముందు నలభై రెండు ఇళ్ళ జనం, తల మీద ఒక మూట, చంకలో ఒక మూట, వరసలో నిలబడి ఉన్నారు. వరస సరిచేస్తూ మాస్టారు.

“లోడు తెచ్చాం బాబాయ్,” అన్నారు ముందున్నవాళ్ళు.

“ఏం లోడు?”

“ఇంటి లోడు. ఒక్కటి కూడా మిగల్చలేదు. మంచాలు మాత్రం రెండో ట్రిప్పుకి.”

బాబాయ్ గడప మీద కూలబడిపోయాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. లోడంటే కరెంటు లోడని చెప్పాడు, మెషీనుకి పని లేక గొంతు పూడిపోయిందని చెప్పాడు, మూడింటికి దాన్ని తీసుకుపోతారని చెప్పాడు. “దీని బదులు వచ్చే చిన్నదానితో మీకు సాయంత్రం రెండు బల్బులు వెలుగుతాయి. నాకు అదీ లేదు. కొత్తదానికి ఆపరేటరు అక్కర్లేదట,” అన్నాడు. ఆ ఆఖరి మాట దగ్గర భుజం మీది గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. గుడ్డకున్న మసి మొహమంతా అయింది. ఎవరూ నవ్వలేదు.

“ఆ ముక్క పొద్దున్నే చెప్పకూడదా తమ్ముడూ?” అంది దర్జీ అక్క.

“ఇస్త్రీ పెట్టె పెట్టుకోమని చెప్పానా లేదా?”

“చెప్పావు గాని, ఎందుకో చెప్పలేదుగా.” ఆవిడ మూట దింపి ముడి విప్పింది. పాత బట్టల మధ్య నుంచి మెరిసిపోతున్న కరెంటు ఇస్త్రీ పెట్టె బయటికొచ్చింది. ఒకటి కాదు, రెండు.

మాస్టారు దగ్గి, తన పుస్తకాల మూటలోంచి హీటరు తీశాడు. ఆ తరవాత వరసలో ఒక్కొక్క మూటా విచ్చుకుంది. ఊరు వదిలేవాడు విలువైనదేదీ వెనక వదలడు కదా. కరెంటు పొయ్యిలు, మిక్సీలు, నీళ్ళ హీటర్లు, గది వెచ్చబెట్టే పెట్టెలు, జుట్టు ఆరబెట్టుకునే యంత్రాలు అయిదు. పంతొమ్మిదేళ్ళుగా మంచాల కింద, గాదెల్లో, గోడల సందుల్లో దాక్కున్న సరుకంతా పట్టపగలు ఎండలో ఆరేసినట్టు పరుచుకుంది. బాబాయ్ కూర్చున్న చోటు నుంచే కళ్ళతో కూడాడు. యాభై కిలోవాట్లకి తక్కువ లేదు.

వరస చివర ఆయన భార్య నిలబడి ఉంది. ఆవిడ చేతిలోనూ మూటుంది.

“నువ్వెందుకే మూట కట్టావు? నీకు అసలు సంగతి తెలుసుగా?”

“ఊరంతా ఇక్కడికే నడుస్తుంటే మీ మీద కొట్లాటకి పోతున్నారేమోనని వచ్చాను. ఇది ఎలాగూ మీకు ఇచ్చేద్దామని తెచ్చాను,” అంటూ ఆవిడ తల దించుకుని మూట విప్పింది. నీళ్ళు కాచే కరెంటు కెటిల్. “మీరు పదింటికల్లా వచ్చి కూర్చుంటారు. కిరోసిన్ స్టవ్వు మీద అంత తొందరగా టీ ఎలా అవుతుందండీ?”

బాబాయ్ కెటిల్‌ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తొమ్మిదేళ్ళుగా వెతుకుతున్న దొంగ దొరికాడు. ఆ దొంగసొత్తు రోజుకో గ్లాసు చొప్పున తాగింది తానే. దాన్ని తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టాడు.

“పదండి, ఎవరి లోడు వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళండి,” అన్నాడు లేస్తూ. “అందరూ ఒక్కసారే పెడితే మెషీను చచ్చూరుకుంటుంది. నేను గుడ్డ ఊపినప్పుడల్లా ఒక్కో ఇల్లు.”

షెడ్డు ముందు బాబాయ్ గుడ్డ ఊపాడు, వీధి మలుపులో మాస్టారు కేక పెట్టాడు, ఇంటి తరవాత ఇల్లు మెయిన్ ఎత్తింది. మెషీను మూలిగింది, దగ్గింది, గొట్టంలోంచి కాకుల గుంపు లేచినట్టు నల్లటి పొగ కక్కింది. బాబాయ్ దాని పక్కనే నిలబడి, “ఇంకొక్క ఇల్లు, ఇంకొక్క ఇల్లు,” అని బతిమాలుకున్నాడు. ఇరవై దాటింది, ముప్ఫై దాటింది. ఊళ్ళో బకెట్లన్నిట్లో నీళ్ళు సలసల కాగాయి. ఉతికిన బట్ట, ఉతకని బట్ట అన్న తేడా లేకుండా దర్జీ అక్క ఊరంతటికీ ఇస్త్రీ చేసింది. ఎండలో చెమటలు కక్కుతూ గది వెచ్చబెట్టే పెట్టెల ముందు జనం కూర్చున్నారు, అదీ బాబాయ్ కోసమే. రెండున్నర అయ్యేసరికి ముల్లు నలభై ఆరు మీద నిలిచింది. పొగ పలచబడి, ఉందో లేదో తెలియనంత తేటగా మారింది. మెషీను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నట్టు ఒకే గొంతుతో పాడుతోంది. ఆ గొంతు తానెప్పుడూ విననేలేదని బాబాయ్‌కి అప్పుడు తెలిసింది. ఆయన మనసు ఉప్పొంగింది. పంతొమ్మిదేళ్ళు దీన్ని పస్తులుంచాననుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

సరిగ్గా మూడింటికి లారీ వచ్చింది. ఇంజనీరమ్మ దిగి పొగ చూసింది, మీటరు చూసింది, ఇంజను మీద చెయ్యి వేసి చూసింది.

“బ్రహ్మాండం ఆపరేటర్ గారూ. దీన్ని ముట్టుకోను. లారీ వెనక్కి పంపేస్తున్నాను,” అంది.

ఊరంతా చప్పట్లు కొట్టింది. బాబాయ్ భార్య చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

“ఇంత లోడు ఈ ఊళ్ళో ఎప్పట్నుంచి ఉంది?” అంది ఇంజనీరమ్మ.

“ఎప్పట్నుంచో ఉందమ్మా. దాచుకున్నాం, అంతే,” అన్నాడు మాస్టారు. ఇక దాచడానికేముందని ఆయన ధైర్యం.

ఇంజనీరమ్మ మొహం వెలిగిపోయింది. “మరి ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పరేం? నలభై కిలోవాట్లు దాటిన ఊరికి కింది రోడ్డు నుంచి లైను లాగాలని రూలు. ఏడాదికేడాది పదకొండు అని రాసి పంపారు కాబట్టి మీ కాగితం అడుగునే పడి ఉంది. ఇవాళే రాసేస్తాను. ఏడాది తిరిగేలోగా స్తంభాలు మీ గుమ్మాల్లోకి వస్తాయి.”

నలభై రెండు ఇళ్ళ జనమూ తల తిప్పి బాబాయ్‌ని చూశారు. ఆ పదకొండు అన్న అంకె ప్రతి నెలా గుండ్రటి అక్షరాల్లో రాసింది ఆయనే. తరవాత ఎవరో ఈలవేశారు, ఊరంతా గోలగోలగా వీధుల్లోకి పరిగెత్తింది. వెళుతూ వెళుతూ కొందరు ఆయన భుజం తట్టారు కూడా. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

“లైను వస్తే మరి మెషీను?” అన్నాడు.

“అప్పుడిక దీంతో ఇక్కడ పనేముందండీ? ఇంకో ఊరికి పంపేస్తాం. నయమైపోయిందిగా.”

“మరి నేను?”

“మీ వయసెంత?”

“యాభై ఎనిమిది.”

ఇంజనీరమ్మ పెన్ను మూత పెట్టేసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. బాబాయ్ విషయంలో కొండనాలుక మాత్రం దివ్యంగా నయమైంది. భార్య వచ్చి ఆయన పక్కన నిలబడింది. చేతిలో టీ గ్లాసు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి దొంగతనం కాని టీ. ఆయన దాన్ని తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు.

ఇంజనీరమ్మ చుట్టూ చూసి, గోడ మీది ఎర్ర అక్షరాలు పైకి చదివింది. “‘అవసరం తీరిన వెంటనే ఆపివేయవలెను.’ ఎంత బాగా రాశారండీ. ఎవరు రాశారిది?”

“నేనే,” అన్నాడు కరెంటు బాబాయ్.

మెషీను మరీ బాగా నడుస్తూండడంతో ఆ మాట ఎవరికీ వినపడలేదు.